పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ గారిది ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి?

చెరువుగట్టు_కుర్రాడు:

అందరికీ నమస్కారమండీ. మాది భీమవరం దగ్గర పల్లెటూరు, రొయ్యల చెరువులు. రాత్రి కరెంటు పోతే నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగిపోతాయి, వెంటనే జనరేటర్ వెయ్యకపోతే తెల్లారేసరికి సరుకంతా తేలిపోద్ది, అందుకని గట్టు మీద షెడ్డులో కాపలా నాదే. నిద్ర రాకుండా చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఏదో ఒకటి వింటుంటాను. ఇన్నాళ్ళూ ఇళయరాజా, రెహమాన్, కొన్ని ఇంగ్లీషు రాక్ బ్యాండ్లు, అంతే.

ఈ మధ్య ఒక పాట అయిపోగానే రిమెంబర్ శక్తి అనే బ్యాండు లైవ్ వీడియో దానంతటదే వచ్చింది. గిటారు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్. ఈ ఇద్దరి పేర్లూ విన్నాను. వాళ్ళ పక్కన ఒకాయన నవ్వుతూ చిన్న మాండలిన్ పట్టుకుని కూర్చున్నాడు, మెక్‌లాఫ్లిన్ ఒక ముక్క వాయిస్తే ఈయన దాన్ని అందుకుని ఇంకో రెండు మెలికలు వేసి తిరిగిస్తున్నాడు. కింద కామెంట్లలో ఎవరో ‘మా పాలకొల్లు ఆయన’ అని రాశారు. పాలకొల్లు మాకు పక్కనే! పొద్దున్నే మా నాన్నని అడిగితే ‘మాండలిన్ శ్రీనివాస్ తెలీదేంట్రా నీకు’ అని నాకే క్లాసు పీకారు.

సరే, ఇప్పుడు ప్రశ్న. వెతికితే ఆల్బమ్‌లు కుప్పలుగా వస్తున్నాయి, సగం వాటికి ఒకే ఫొటో, ఒకే రకం పేరు. నాకు రాగాలు, తాళాలు తెలియవు. ముందు ఏది వినాలి? కచేరీలా, ఇలా గిటారూ అవీ కలిపిన ఫ్యూజనా? ‘అన్నీ బాగుంటాయి, ఏదైనా విను’ అనకండి ప్లీజ్, ఒక పేరు చెప్పండి.

క్షీరారామం_వీధి:

బాబూ, మీ నాన్నగారు తిట్టరా మరి! మాది పాలకొల్లే. శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న ఇక్కడ పుట్టాడు. ఆరేళ్ళప్పుడు వాళ్ళ నాన్న సత్యనారాయణ గారి మాండలిన్ తీసి వాయించడం మొదలుపెడితే, పిల్లాడి వాటం చూసి ఆయన గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారే నేర్పడానికి ఒప్పుకున్నారు. సుబ్బరాజు గారు కర్ణాటక గాయకులు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఇక్కడ తమాషా ఏంటంటే ఆ గురువుగారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విని దాన్ని వాయిద్యం మీద పలికించేవాడు. అసలు సంగతంతా ఇక్కడే ఉంది. వేళ్ళు ఎక్కడ పెట్టాలో చూపించే మనిషి లేడు కాబట్టి గొంతు ఎటు వెళ్తే వేళ్ళు అటు వెళ్ళాయి, అందుకే ఆయన వాయిస్తుంటే సాహిత్యం తెలిసినవాళ్ళకి మాటలు వినిపిస్తాయి.

కాబట్టి నా ఓటు కచేరీలకే, అందులోనూ చిన్నప్పటివాటికి. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో మొదటి కచేరీ చేశాడు, అంటే తొమ్మిదేళ్ళు. ఎనభైల్లో వచ్చిన క్యాసెట్లు ఇప్పుడు యాప్‌లలో కూడా ఉన్నాయి. వాటిలో ‘రఘువంశ సుధ’ దొరికితే ముందు అది పెట్టు. పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ గారి కృతి, కదనకుతూహల రాగం. రాగం పేరు తెలియకపోయినా కాలు ఊరుకోదు. తర్వాత త్యాగరాజస్వామి ‘సరస సామదాన’. ఆ ఫ్యూజన్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. అందులో ఒకరు వాయించాక ఇంకొకరు, మనవాడికి వచ్చే వంతు ఎంత? రాగం మొదలయ్యేలోపే చప్పట్లు.

కోనసీమ_లీడ్_గిటార్:

క్షీరారామం గారూ, పెద్దవారు, మీ మాట కాదనను గానీ రాక్ బ్యాండ్లు వినే కుర్రాడికి మొట్టమొదటే గంటన్నర కచేరీ ఇస్తే మృదంగం వాళ్ళు ఒంటరిగా వాయించే తని ఆవర్తనం వచ్చేసరికి పారిపోతాడండి. నేను అమలాపురం వైపు ఆర్కెస్ట్రాలో లీడ్ వాయిస్తాను, పెళ్ళిళ్ళు, తీర్థాలు, శ్రీరామనవమి పందిళ్ళు. నా బాధ నాకు తెలుసు.

తమ్ముడూ, నువ్వు రిమెంబర్ శక్తి విని పడిపోయావు కాబట్టి అక్కడే మొదలుపెట్టు. 2000లో వచ్చిన ‘ద బిలీవర్’. లైవ్ రికార్డింగు, మనుషులు నలుగురే: మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్, మన శ్రీనివాస్ గారు, కంజీర అనే చిన్న డప్పు మీద సెల్వగణేశ్. డెబ్భైల్లో పాత శక్తి బ్యాండు ఉన్నప్పుడు ఎల్.శంకర్ వయొలిన్ వాయించేవారు, ఘటం సెల్వగణేశ్ నాన్నగారు విక్కు వినాయక్‌రాం. మళ్ళీ కూడుకున్నాక వయొలిన్ చోటులోకి మాండలిన్ వచ్చింది. విల్లుతో వాయించే వాయిద్యం పోయి మీటే వాయిద్యం రావడంతో గిటారుకీ దీనికీ పోటీ మామూలుగా ఉండదు. ‘ఫైవ్ ఇన్ ద మార్నింగ్, సిక్స్ ఇన్ ద ఆఫ్టర్‌నూన్’ ముందు విను, తర్వాత ‘లోటస్ ఫీట్’. రెండోది నెమ్మది.

ఇంకో విషయం, గిటారు వాళ్ళు తప్ప ఎవరూ మాట్లాడరు. మామూలు మాండలిన్‌కి నాలుగు జతలు, ఎనిమిది తీగలు. మీటగానే ధ్వని టక్కున చచ్చిపోద్ది, అందుకే పాత సినిమా పాటల్లో ఒకే స్వరాన్ని గబగబా మీటుతూ నిలబెడతారు. మన సంగీతంలో గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికించడం, రావాలంటే తీగని పక్కకి లాగాలి, మెట్ల (ఫ్రెట్స్) మీద జారాలి. జత తీగల్ని లాగితే రెండూ ఒకేలా సాగవు, శ్రుతి పోద్ది. శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జతలు మానేసి, ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. తీగ కదలికని స్పీకరుకి అందించే పికప్ ఉంది కాబట్టి ఒకసారి మీటితే ధ్వని నిలుస్తుంది, ఆ నిలిచిన కాసేపట్లో వేలు జారించి గమకం అంతా చెప్పేస్తారు. జనం స్పీడు స్పీడు అంటారు. స్పీడు సాధన చేస్తే వస్తుందండి, ఆ జారుడు నాకైతే ఇప్పటికీ రాలేదు.

1995లో గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో చేసిన ‘డ్రీమ్’ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్ళకు. ఎఫెక్టుల మధ్య మాండలిన్ ఎక్కడుందో వెతుక్కోవాలి.

నర్సాపురం_రేవు:

డ్రీమ్‌ని అంత తేలిగ్గా తీసిపారేస్తే ఎలాగండీ గిటార్ గారూ? సాయంత్రం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి వెళ్ళేటప్పుడు అది పెట్టుకుని చూడండి, వశిష్ఠ గోదావరి మధ్యలోకి వచ్చాక మాట్లాడండి. ప్రతి ఆల్బమూ పరీక్ష రాసేవాడిలా వినక్కర్లేదు.

కాకినాడ_వీణ:

నేను పిల్లలకి వీణ చెప్తానండి. ఇద్దరూ చెరో చివర పట్టుకుని లాగుతున్నారు, మధ్యలో ఉన్నదాని పేరు ఎవరూ ఎత్తలేదు. ‘రామా శ్రీరామా’, 1994. డ్రీమ్ తెచ్చిన రియల్ వరల్డ్ కంపెనీదే, ఇంగ్లీషు రాక్ గాయకుడు పీటర్ గాబ్రియెల్ లేబుల్. కానీ లోపల ఉన్నది అచ్చంగా మన కచేరీ సంగీతం, కీబోర్డులూ ఎఫెక్టులూ ఏమీ లేవు. రికార్డింగ్ శుభ్రంగా ఉంటుంది. ఎనభైల క్యాసెట్లలో అందం ఉంది, ఒప్పుకుంటాను, అయితే చాలావాటిలో మాండలిన్ పైస్థాయికి వెళ్ళేసరికి చెవిలో గుచ్చుకుంటుంది, మృదంగం డబ్బాలో మోగినట్టుంటుంది. ఇయర్‌ఫోన్స్‌తో వినే పిల్లాడికి అది అన్యాయం. బాబూ, నువ్వు అడిగిన ఒక్క పేరు ఇదే.

వినేటప్పుడు కృతి కంటే ముందు వచ్చే ఆలాపన దాటేయకు. తాళం ఉండదు, ఏమీ జరగట్లేదనిపిస్తుంది. ఆయన గొప్ప నాకు అక్కడే కనిపిస్తుంది. వేగంగా వాయించేవాళ్ళు దేశంలో చాలామంది ఉన్నారు. షడ్జం, అంటే ‘స’ మీద ఆగి, పక్క స్వరాన్ని తాకీ తాకకుండా వదిలేసి, మళ్ళీ ఆగగలిగే ధైర్యం కొద్దిమందికే ఉంటుంది.

మాండలిన్ పరాయి వాయిద్యం, కర్ణాటక సంగీతానికి పనికిరాదని మొదట్లో సణిగినవాళ్ళు ఉన్నారు. అలా అయితే వయొలిన్ ఎక్కడిది? ముత్తుస్వామి దీక్షితార్ తమ్ముడు బాలుస్వామి దీక్షితార్ తెల్లదొరల దగ్గర చూసి నేర్చుకున్నదే కదా, ఇప్పుడు అది లేకుండా కచేరీ ఉందా?

ఇంకొక మాట కూడా చెప్పనివ్వండి, మా కాకినాడ తరపున. శ్రీనివాస్ గారు నచ్చితే నీ తర్వాతి మజిలీ చిట్టిబాబు గారి వీణ. కాకినాడలో 1936లో పుట్టారు. ఆయన గురువు ఈమని శంకరశాస్త్రి గారిది ద్రాక్షారామం. చిట్టిబాబు గారి ‘కొమ్మలో కోయిల’ విను, వీణ తీగ మీద కోయిల కూత దించేశారు. కొందరు విద్వాంసులు దాన్ని చమత్కారం కిందే తీసేస్తారు. తీసేయనివ్వండి, మా క్లాసులో వీణ మానేస్తానన్న పిల్లల్ని నిలబెట్టింది ఆ కోయిలే. ఇక కోనసీమ వైపు శంకరగుప్తంలో పుట్టిన బాలమురళి గారి గురించి నేను చెప్పాలా? ఆయన రామదాసు కీర్తనలు మీ ఊరి రామాలయం మైకులో వినే ఉంటావు, ఎవరు పాడారో తెలియకుండా. నాలుగే స్వరాలతో ‘మహతి’ అని కొత్త రాగం కట్టారు. ఆయన మీద వేరే ప్రశ్న వెయ్యి, అక్కడ రాస్తాను, ఇక్కడ మొదలుపెడితే నా వంటయ్యేది కాదు.

పులస_పార్టీ:

మాకు ఇవన్నీ తెలీవండి ఆయ్. సితార సినిమాలో ‘వెన్నెల్లో గోదారి అందం’ పెట్టుకుంటే చాలు. ఇళయరాజా గారు కట్టారు, జానకమ్మకి జాతీయ అవార్డు వచ్చింది. మాండలిన్‌కి రాలేదుగా.

కోనసీమ_లీడ్_గిటార్:

పులస గారూ, పాట బంగారం, ఎవరూ కాదనలేదు. కుర్రాడు అడిగింది వేరు. అయినా అవార్డులు లెక్కేస్తే శ్రీనివాస్ గారికి 1998లోనే పద్మశ్రీ వచ్చింది, అప్పటికి ముప్ఫై కూడా లేవు.

చెరువుగట్టు_కుర్రాడు:

అందరికీ థ్యాంక్సండీ. అన్నీ కొంచెం కొంచెం విన్నాను, చెప్తాను.

వీణ మేడమ్ గారూ, రామా శ్రీరామా సౌండ్ నిజంగా బాగుంది, ఏరేటర్ల మోతలో కూడా ఒక్కో తీగ విడిగా వినపడింది. ఆలాపన మాత్రం మొదట బోరు కొట్టిందండి, అబద్ధం ఎందుకు. రెండోసారి ఇంకేమీ చెయ్యకుండా విన్నాను, అప్పుడు కొంచెం అర్థమైంది, మీరు చెప్పిన ఆగడం. క్షీరారామం తాతగారూ, రఘువంశ సుధ పెట్టాను, మా నాన్న వచ్చి పక్కన కూర్చున్నారు, నా ఫోన్లో పాట పెడితే ఆయన కూర్చోవడం ఎప్పుడూ చూడలేదు.

కానీ ఓటు అడిగితే గిటార్ అన్న చెప్పిన బ్యాండుకే. బిలీవర్ కంటే దాని తర్వాతది, 2001లో వచ్చిన ‘సాటర్డే నైట్ ఇన్ బాంబే’, నాకు ఎక్కువ నచ్చింది. అందులో ‘గిరిరాజ్ సుధ’ అని ఉంది, శంకర్ మహదేవన్ పాడారు. ఆ పాట ఇంట్లో పెడితే మా నానమ్మ వంటింట్లోంచి ‘ఇది త్యాగరాజస్వామిది కదరా’ అంది! నిజమేనా? శివకుమార్ శర్మ గారి సంతూర్ ఉన్న ‘శృంగార్’ మాత్రం చాలా పొడుగు, సగంలో ఆపేశాను.

ఆయన ఇప్పుడు లేరని కూడా వెతుకుతుంటేనే తెలిసింది. 2014 సెప్టెంబరు, నలభై అయిదేళ్ళకే. ఒక్కసారి ఎదురుగా వినే అవకాశం లేదంటే కోపం వచ్చింది, ఎవరి మీదో తెలీదు.

కాకినాడ_వీణ:

మీ నానమ్మగారికి నా నమస్కారం చెప్పు. ‘గిరిరాజసుతా తనయ’, త్యాగరాజస్వామి వినాయకుడి మీద రాసిన కృతి, బంగాళ రాగం. శృంగార్ ఆపేసినందుకు ఏమీ అననులే, వర్షాకాలంలో పెట్టుకో.

క్షీరారామం_వీధి:

చూశారా, బాంబేలో వాయించినా చివరికి తేలింది త్యాగరాజస్వామి దగ్గరే. నేను ముందే చెప్పాను.

బాబూ, మీ నాన్నగారికి రఘువంశ సుధ అయ్యాక సరస సామదాన కూడా పెట్టు. శ్రీనివాస్ తమ్ముడు రాజేశ్ కూడా మాండలిన్ విద్వాంసుడే. ఎదురుగా వినాలన్న కోరిక ఉంటే చెన్నైలో డిసెంబరు కచేరీలప్పుడు ఆయన పేరు చూసుకుని వెళ్ళు. రొయ్యలు ఎవరికైనా అప్పజెప్పి.

చెరువుగట్టు_కుర్రాడు:

డిసెంబరులో రొయ్యల పట్టుబడి ఉంటుందండి తాతగారూ, ఆ నెల నన్ను నాన్న పాలకొల్లు కూడా వెళ్ళనివ్వరు. చూద్దాం.

కోనసీమ_లీడ్_గిటార్:

ఇదంతా చదివి మా కీబోర్డు అబ్బాయికి పూనకం వచ్చింది. వచ్చే వారం పెళ్ళిలో గిరిరాజసుతా తనయ వాయిద్దామంటాడు, మాండలిన్ భాగం నన్ను గిటారు మీద పట్టమంటాడు. పట్టుకుంటున్నాను, చరణం దగ్గర చెయ్యి తిరగట్లేదు. ఈలోగా పెళ్ళికొడుకు బావగారు ఫోన్ చేసి వినాయకుడి పాట ఒక్కటి చాలు, మిగతాదంతా డీజే పెట్టండి, జనరేటర్ మాదే అన్నాడు.