జామింగ్ చేస్తే జీపీఎస్ ఆయుధం ఎందుకు గురి తప్పుతది?

హన్మకొండ_గ్రూప్స్:
1991 గల్ఫ్ యుద్ధంల గుర్తులు లేని ఎడారిల అమెరికా దళాలు జీపీఎస్ పట్టుకొని దారి తప్పకుండ పోయినయి. అదే జీపీఎస్‌తోని పోయే ఎక్స్‌కాలిబర్ ఫిరంగి గుండ్లు ఉక్రెయిన్‌ల జామింగ్‌కు (అడ్డు సిగ్నల్‌తోని అసలు సిగ్నల్‌ను ముంచుడు) గురి తప్పినయి. పైన ఉపగ్రహం మంచిగనే ఉన్నప్పుడు కింద ఎందుకు ఆగమైతది? జీపీఎస్ లాంటిదే మన దేశపు నావిక్, దానికి గూడ ఇదే బాధనా?

కాజీపేట_రేడియో:
తమ్మీ, దెబ్బ పడేది రిసీవర్ మీద. జీపీఎస్ ఉపగ్రహం 20,200 కి.మీ. ఎత్తుల ఉంటది. ఒక వాట్‌ను కోటి ముక్కలు చేసి, అండ్ల ఒక్క ముక్కను మళ్ల వంద కోట్ల ముక్కలు చేస్తే ఎంతనో, నేలకు చేరే సిగ్నల్ ఇంచుమించు అంతే. జీపీఎస్ సిగ్నల్ వచ్చే 1575.42 మెగాహెర్ట్జ్ మీదనే కొన్ని వాట్ల జామర్ పెట్టినా అది మునిగిపోతది. గుట్ట అడ్డమొస్తే జామర్ పారది. కాని గాలిల ఎగిరే గుండుకు, డ్రోన్‌కు ఆ అడ్డం ఉండదు, అందుకే దూరంనుంచే తగులుతది.

స్పూఫింగ్ ఇంకా ప్రమాదం. దొంగ సిగ్నల్‌ను రిసీవర్ నిజమనుకుంటది, హెచ్చరిక గూడ రాదు. టైమ్ ఒక మైక్రోసెకండ్ తేడా వస్తే దూరం 300 మీటర్లు తప్పుతది.

విరుగుడు సీఆర్‌పీఏ యాంటెన్నా, అంటే జామర్ ఉన్న దిక్కు నుంచి వచ్చే సిగ్నల్‌ను అణిచేది. అండ్ల నాలుగు ఎలిమెంట్లు (చిన్న యాంటెన్నాలు) ఉంటే మూడు దిక్కుల జామర్లను అణచొచ్చు, నాలుగోది మొదలైతే కష్టం. దానికి తోడు ఇనర్షియల్ యూనిట్ ఉండాలె, అంటే బయటి సిగ్నల్ లేకుండ తన కదలికను కొలిచి ఎక్కడున్నదో లెక్కకట్టేది. విమానాల మంచి యూనిట్ లెక్క గూడ గంటకు 1.8 కి.మీ. దాక తప్పుతది. ఫిరంగి అదురుకు తట్టుకునే చిన్న సెన్సార్లకు ఆ నిలకడ గూడ ఉండదు.

ఓరుగల్లు_కక్ష్య:
నావిక్ సిగ్నల్ ముఖ్యంగ ఎల్5 (1176.45 మెగాహెర్ట్జ్), ఎస్ (2492.028 మెగాహెర్ట్జ్) అనే రెండు బ్యాండ్లల వస్తది. రెండూ పట్టే రిసీవర్‌ను ఆపాలంటే రెండింటినీ జామ్ చెయ్యాలె. సిగ్నల్ బలం మాత్రం ఇక్కడ గూడ తక్కువే. నా లెక్కల అసలు బాధ ఉపగ్రహాలది: కొన్నిట్ల సరైన టైమ్ చూపే రుబీడియం గడియారాలు చెడిపోయినయి. 2025 జనవరిల పంపిన నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-02ల ఆక్సిడైజర్ (ఇంధనాన్ని మండించేది) వాల్వ్ తెరుచుకోక అనుకున్న కక్ష్యకు చేరలె. స్థానం లెక్కకట్టాలంటే కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలె. ఏడింట్ల ఒక్కొక్కటి తగ్గితే జామర్ లేకున్నా సేవ దెబ్బతింటది.

హన్మకొండ_గ్రూప్స్:
అయితే ఫొటోలు తీసే ఉపగ్రహాలతోని గురి దిద్దుకోరాదా అన్నా?

కాజీపేట_రేడియో:
అప్పటికప్పుడు కుదరది. మన ఫొటో ఉపగ్రహం కార్టోశాట్-3 నేల మీద 25 సెం.మీ. వివరం చూపిస్తది, కాని ఒక చోటు మీదికెళ్లి కొన్ని నిమిషాలల్ల దాటిపోతది. వానాకాలం ఏటూరునాగారం అడవి మీద మబ్బు కమ్మితే కెమెరాకు ఏం కనపడది, రీశాట్ లాంటి రాడార్ ఉపగ్రహం కావాలె. ముందే తీసిన ఫొటో మాత్రం పనికొస్తది: కొన్ని క్రూయిజ్ క్షిపణులు దాన్ని తమ కెమెరాకు కనపడే నేలతోని పోల్చుకుంటయి, దానికి జీపీఎస్ అక్కర లేదు. పొగ కమ్మినా, మంచు పడి నేల రూపు మారినా ఆ పోలిక కుదరది.