పాత టౌన్‌హాల్‌ లైబ్రరీగా మారుతోంది: మేడ మీద ర్యాకులు పెట్టొచ్చా?

పాతగచ్చు:
వందేళ్లు దాటిన మున్సిపల్ టౌన్‌హాల్. ఇటుక, సున్నం కట్టుబడి. మేడ నేల మద్రాస్ టెర్రస్, అంటే టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో వేసిన గచ్చు. లైబ్రరీ చేయాలని కౌన్సిల్ తీర్మానించింది. ర్యాకులు మేడ మీద పెట్టొచ్చా? కింద గోడలకు నడుమెత్తు దాకా ఎప్పుడో సిమెంటు పూశారు. అది పెచ్చులూడి ఉప్పు పూస్తోంది. మళ్ళీ వాటర్‌ప్రూఫ్ సిమెంటే పూయమంటున్నారు, సరేనా?

దూలంలెక్క:
ర్యాకులు కిందే పెట్టండి. కట్టడం ఎంత బరువు మోయాలో చెప్పే భారత ప్రమాణం (కోడ్) ఐఎస్ 875 రెండో భాగంలో, కుర్చీలు బిగించని సభామందిరానికి చదరపు మీటరుకు 5 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 500 కిలోలు. ర్యాకుల గదికి 2.2 మీటర్ల ఎత్తు వరకు 6, ఆపైన ప్రతి మీటరుకు మరో 2. తేడా కొంచెమేగా అనుకోవద్దు. సభ అయ్యాక జనం ఇళ్లకు పోతారు, పుస్తకాలు పోవు. కదలని బరువు కింద కర్ర ఏళ్ల తరబడి వంగుతూనే ఉంటుంది.

మేడను చదువుకునే గది చేయండి. పుస్తకాల నిల్వ వేరే చోట ఉంటే కోడ్ అడిగేది 3 కిలోన్యూటన్లే. అదీ దూలాలను ఇంజనీరు చూశాకే. నడిమధ్య నిగనిగలాడుతున్నా, పుచ్చేది గోడలో దూరిన కొన. గోడ పక్కనే స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. మొన మెత్తగా దిగితే లోపల చెమ్మో చెదలో ఉన్నట్టే.

సున్నంబట్టీ:
వాటర్‌ప్రూఫ్ సిమెంటు వద్దే వద్దు. గోడ పీల్చిన చెమ్మ బయటికి పోయే దారి మూస్తే ఇంకా పైకెక్కుతుంది, ఈసారి ఛాతీ ఎత్తున పూస్తుంది ఉప్పు. ముందు బయటికెళ్లి చూడండి. రోడ్డు, ఆవరణ పోసి పోసి పునాది మట్టం దాటేసి ఉంటాయి, సగం కేసుల్లో జబ్బు అక్కడే. మట్టి తవ్వి, లోపలి నేలకంటే కనీసం అర అడుగు దించండి.

తర్వాత సిమెంటును ఉలితో, చేత్తోనే తీయండి. బ్రేకర్ పెడితే ఇటుక పైపొర కూడా ఊడొస్తుంది. ఉప్పును పొడి బ్రష్‌తో దులపండి. నీళ్లతో కడిగితే కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. గోడను ఒక ఎండాకాలమంతా వదిలేయండి. ఆపైన మాగిన సున్నం 1, ఇసుక 3 పాళ్లు, పొరకు 10-12 మిల్లీమీటర్లు మించకుండా. వారం పైగా తడి గోనెలు కట్టి ఉంచాలి. త్వరగా ఆరిపోతే బీటలే. పైన వెల్ల, ఎమల్షన్ కాదు.

పాతగచ్చు:
త్వరగా గట్టిపడుతుందని సున్నంలో గుప్పెడు సిమెంటు కలుపుతానంటున్నాడు మేస్త్రి.

సున్నంబట్టీ:
ఒప్పుకోకండి. ఆ గుప్పెడు రోజురోజుకూ పెరుగుతుంది. సైటులో సిమెంటు బస్తా లేకుండా చూసుకోండి.

దూలంలెక్క:
ఇంకోటి. పెద్ద హాలును పార్టిషన్లతో ముక్కలు చేయొద్దు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో 1913లో పూర్తయిన టౌన్‌హాల్ శాసనసభగా పనికొచ్చిందంటే, జనం కూర్చునే పెద్ద గది అప్పటికే ఉండబట్టే. వైరింగ్ కూడా గోడ చెక్కకుండా పైపైనే లాగండి.