‘మా ఇంట్లో ఇంకెవరూ తాగరు’ అంటే ఏం రాసుకోవాలి?

ప్రశ్న: మద్యం వ్యసనం మీద జరిగే కుటుంబ జన్యు అధ్యయనంలో కొత్తగా చేరాను. వార్డులో ఉన్నాయనతో వంశవృక్షం గీయించి, ఆ తర్వాత తల్లిదండ్రుల్ని, తోబుట్టువుల్ని పిలిపించాలి. మొన్న ఒకాయన ‘‘నేనొక్కణ్ణే మేడమ్, ఇంకెవరూ ముట్టరు’’ అన్నాడు. మర్నాడు క్యారేజీ తెచ్చిన వదినగారేమో ‘‘మా ఆయన ముందు ఈయన దేవుడు’’ అంది! అన్నగారి ఫోన్ నంబరూ ఇచ్చింది. చేయొచ్చా? షీటులో ఎవరి మాట రాయాలి?

జవాబు (పాత ఇంటర్వ్యూయర్): ఫోన్ చేయకండి. పేషెంటు తనంతట తాను అన్నకి చెప్పాలి, అన్న సరేనన్నాకే మీరు మాట్లాడాలి. తమ్ముడు ఫలానా వార్డులో ఉన్నాడని అన్నకి తెలుసో లేదో మీకేం తెలుసు?

షీటులో ఇద్దరి మాటా రాయండి, ఎవరు చెప్పారో పక్కన వేసి. బంధువులు ‘తాగుతాడు’ అంటే చాలావరకు నిజమే. ‘తాగడు’ అంటే మాత్రం నమ్మకం తక్కువ. అమెరికాలో 1989లో మొదలైన కోగా (మద్యం వ్యసనం మీద ఇలాంటిదే ఒక కుటుంబ జన్యు అధ్యయనం) కూడా చికిత్సలో ఉన్నవాళ్ళతోనే మొదలుపెట్టింది, కానీ బంధువుల్ని విడివిడిగా కూర్చోబెట్టి సాగా అనే పెద్ద ఇంటర్వ్యూ చేసింది. వాళ్ళ గురించి ఇంట్లోవాళ్ళు చెప్పింది వేరే ఫారంలో రాసుకుంది. పోలికకి మామూలు కుటుంబాల్నీ తీసుకుంది. అలాంటి కుటుంబాల్లోనూ తాగేవాళ్ళు ఉంటారు, వాళ్ళని ఏరేయకండి.

ఇంకో మాట. మందు మానగానే వచ్చే వణుకు, కలవరింతలు తగ్గకుండా సమ్మతి పత్రం మీద సంతకం తీసుకోవద్దు. మూడో రోజున ఒకాయన అన్నింటికీ తల ఊపాడు. వారం తర్వాత నన్ను గుర్తే పట్టలేదు. మళ్ళీ మొదట్నుంచీ చెప్పాల్సొచ్చింది.

జవాబు (కరీంనగర్ వైపు పనిచేసినామె): ‘మందు తాగుతారా’ అని అడిగితే కల్లు లెక్కలోకి రాదండీ. మా వైపు కల్లు మందు కాదు, సారా వేరే. ఒక్కోదాన్ని పేరు పెట్టి అడగాలి. ఆడవాళ్ళని అత్తగారి ముందు అస్సలు అడగొద్దు. ‘ఎంత’ అంటే ‘కొంచెం’ అంటారు, క్వార్టరా, హాఫా అనండి. 42.8 శాతం విస్కీ క్వార్టర్ 180 మి.లీ.లో దాదాపు 61 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 5 శాతం బీరు పెద్ద సీసా 650 మి.లీ.లో 26 గ్రాములు. కల్లుకి మాత్రం ఈ లెక్క కుదరదు, పొద్దుటి కల్లు వేరు, సాయంత్రానికి పులిసింది వేరు.

ప్రశ్న: ఇంకోటి. పేషెంటు తన సొంత అక్క కూతుర్నే పెళ్ళి చేసుకున్నాడు. చెట్టు ఎలా గీయాలి?

జవాబు (పాత ఇంటర్వ్యూయర్): దంపతుల మధ్య రెండు గీతలు. ఆమెని రెండుసార్లు వేయకండి, ఒక్క మనిషికి ఒక్క నంబరే. ‘మేనరికం’ అని రాసి వదిలేయకండి, అక్క కూతురా, మేనత్త కూతురా, మేనమామ కూతురా అనేది రాయండి. మేనమామ–మేనకోడలు పావు వంతు జన్యువులు పంచుకుంటారు, మేనబావ–మేనమరదళ్ళయితే ఎనిమిదో వంతు. ఇది తప్పితే తర్వాత లెక్కంతా తప్పుతుంది.

పెంపుడు బిడ్డల సంగతి, తండ్రి వేరనే సంగతి రక్తపరీక్షలో బయటపడొచ్చు. బయటపడినా ఇంట్లో ఎవరికీ చెప్పబోమని సమ్మతి పత్రం చదివేటప్పుడే చెప్పండి. మీ పత్రంలో ఆ లైను లేకపోతే రక్తం తీసే ముందే మీ మేడమ్‌ని అడగండి.

ప్రశ్న అడిగినామె: చూశాను, లేదు. రేపటి రెండు శాంపిళ్ళు ఆపేశాం.