64 జీబీ పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32గా ఫార్మాట్ చేస్తుంటే చివర్లో ఆగిపోతోంది

బొబ్బిలి మైక్‌సెట్:
అందరికీ నమస్కారం. మాది బొబ్బిలి దగ్గర మైక్‌సెట్, లైటింగ్ పని. దసరా వచ్చిందంటే చేతినిండా పనే, ఆ వెంటనే విజయనగరంలో సిరిమానోత్సవం. పాటలన్నీ ఒకేచోట ఉంటాయని 64 జీబీ పెన్‌డ్రైవ్ కొన్నాను. ల్యాప్‌టాప్‌లో చక్కగా వస్తున్నాయి. ఆంప్లిఫయర్‌కు పెడితే మాత్రం డిస్క్ లేదంటోంది. పాత 8 జీబీది పెడితే మారు మాట్లాడకుండా పాడుతుంది.

కొన్నచోట అడిగితే ఫ్యాట్32 (డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పాత పద్ధతి) చేసుకోమన్నారు. విండోస్‌లో రైట్ క్లిక్ చేస్తే ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్ తప్ప ఆ పేరే కనిపించదు. తెలిసిన కుర్రాడు నల్ల తెర (కమాండ్ ప్రాంప్ట్) తెరిచి ఫార్మాట్ కమాండ్ కొట్టమన్నాడు. కొట్టగానే "కొత్త డిస్కు పెట్టి ఎంటర్ నొక్కండి" అంది. ఉన్నదే కొత్తది, ఇంకేం పెట్టాలి? ఎంటర్ నొక్కాను. శాతం అంకె నత్తనడకన కదిలి, అంతా అయ్యాక వాల్యూమ్ (అంటే డ్రైవ్‌లోని స్థలం) మరీ పెద్దదని చెప్పి ఆగిపోయింది. ఆ ముక్క మొదట్లోనే చెప్పవచ్చు కదా!

స్లాష్ పెట్టి ఏవో అక్షరాలు కలుపుతారట. వాటిలో ఏది కలిపితే ఒప్పుకుంటుంది? ఇంకో సందేహం: 64 అని కొంటే 59 చిల్లర చూపిస్తోంది. మోసపోయానా?

పాత ఫ్లాపీ (శ్రీకాకుళం):
మాస్టారూ, ముందు రెండో సందేహం తీర్చేద్దాం. మోసమేమీ లేదు. తయారుచేసేవాళ్లు జీబీ అంటే వంద కోట్ల బైట్లని లెక్కేస్తారు. విండోస్ 107 కోట్ల చిల్లరగా లెక్కేస్తుంది. 6,400 కోట్లను దానితో భాగిస్తే 59.6 వస్తుంది.

కొత్త డిస్కు పెట్టమన్న మాట ఫ్లాపీల కాలం నాటిది. 1.44 ఎంబీ ఫ్లాపీల డబ్బా పక్కన పెట్టుకుని, ఒకటి తీసి ఒకటి పెడుతూ ఫార్మాట్ చేసేవాళ్లం. అప్పుడు ఆ మాట అవసరం. ఫ్లాపీలు పోయాయి, మాట మిగిలింది.

ఇక అసలు సంగతి. ఫ్యాట్32కు 64 జీబీ పెద్ద బరువేమీ కాదు. 32 జీబీ దాటితే చేయనన్నది విండోస్ ఫార్మాట్ పనిముట్టు పెట్టుకున్న హద్దు. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన డేవ్ ప్లమర్ ఆ అంకె పెట్టింది తానేనని తర్వాత చెప్పుకున్నాడు కూడా. 2024 ఆగస్టులో విండోస్ 11 పరీక్షా బిల్డు ఒకదానిలో కమాండ్ వరకు ఆ హద్దును 2 టీబీకి పెంచారు. మీ ల్యాప్‌టాప్‌లో ఆ మార్పు లేదని మీరు చెప్పినదాన్నిబట్టే తెలుస్తోంది. కాబట్టి ఏ స్లాష్ కలిపినా మీ పని కాదు. అయినా అడిగారు కాబట్టి చెబుతాను. స్లాష్ ఎఫ్‌ఎస్ అంటే ఏ ఫైల్ సిస్టమ్ (ఫ్యాట్32, ఎన్‌టీఎఫ్‌ఎస్ లాంటి అమరిక పద్ధతి) కావాలో. స్లాష్ వి అంటే పేరు, ఫ్యాట్32లో 11 అక్షరాలు దాటకూడదు. స్లాష్ ఎక్స్ పెడితే ఆ డ్రైవ్‌లో ఏ ఫైలు తెరిచి ఉన్నా ముందు డ్రైవ్‌నే విడదీస్తుంది.

స్లాష్ క్యూ దగ్గర కాస్త ఆగాలి. అది పెడితే ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికలు మాత్రమే కొత్తగా రాస్తుంది, పాత సరుకు లోపల అలాగే ఉంటుంది. గుమ్మం మీద నంబరు పలక పీకేస్తే ఇల్లు కూలదు కదా. అది పెట్టకపోతే విండోస్ విస్టా నుంచి ప్రతి సెక్టారులోనూ సున్నాలు రాస్తుంది, మీకు అంతసేపు పట్టింది అందుకే. ఎక్స్‌పీ వరకు పూర్తి ఫార్మాట్ కూడా చదివి చూసేదే తప్ప సున్నాలు రాసేది కాదు. డ్రైవ్‌ను ఇంకొకరికి ఇచ్చేస్తుంటే పూర్తిది చేయండి. పాటలకు క్యూ చాలు. స్లాష్ పి అని ఇంకొకటుంది, ఎన్నిసార్లు తుడవాలో చెప్పడానికి. పెన్‌డ్రైవ్‌కు అది అరుగుదలే తప్ప లాభం లేదు.

మీకు నా సలహా: 64తో కుస్తీ మానేసి అందులో 30 జీబీ విభజన (పార్టిషన్, అంటే వేరుచేసిన భాగం) చేసుకోండి. 128 కేబీపీఎస్ పాట నిమిషానికి సుమారు ఒక ఎంబీ. 30 జీబీ అంటే దాదాపు 500 గంటలు, ఇరవై రోజులు రాత్రీపగలూ ఆపకుండా పాడవచ్చు. సిరిమాను తిరిగేది ఒక్క మంగళవారమే!

డ్రైవ్‌లోని పాటలు ల్యాప్‌టాప్‌లో ఉన్నాయో లేదో చూసుకుని, నల్ల తెరను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డిస్క్‌పార్ట్ అని కొట్టండి (అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే). తర్వాత లిస్ట్ డిస్క్. అందులో 59 దగ్గర్లో పరిమాణం ఉన్నదే మీది. దాని నంబరుతో సెలెక్ట్ డిస్క్, తర్వాత క్లీన్, క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ సైజ్=30000, ఫార్మాట్ ఎఫ్‌ఎస్=ఫ్యాట్32 క్విక్, చివర అసైన్. క్లీన్ కొట్టేముందు మళ్లీ ఒకసారి లిస్ట్ డిస్క్ కొట్టి, నక్షత్రం గుర్తు ఏ వరసలో ఉందో చూడండి. ఫార్మాట్ కమాండ్ హార్డ్ డిస్క్ జోలికి వెళ్తే దాని పేరు కొట్టమని నిలదీస్తుంది. క్లీన్ ఏమీ అడగదు, ఎంటర్ నొక్కడమే తరువాయి, డిస్కులో ఉన్నదంతా పోతుంది. వేరే డ్రైవ్ గుచ్చితే నంబర్లు మారతాయి, కాబట్టి నిన్నటి నంబరును నమ్మవద్దు.

హాస్టల్ పెంగ్విన్ (విజయనగరం):
లినక్స్ ఉన్నవాళ్లకు ఈ 32 జీబీ గొడవే లేదు. ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టి డ్రైవ్ ఏదో చూసుకుని, అన్‌మౌంట్ చేసి (సిస్టమ్ నుంచి విడదీసి), సుడో ఎంకేఎఫ్‌ఎస్.వీఫ్యాట్ -ఎఫ్ 32 అని విభజన పేరు ఇస్తే మొత్తం 64 వచ్చేస్తుంది. ఒక్క జాగ్రత్త: ఎక్కడో చూసిన కమాండ్‌లో ఎస్‌డీఏ (లినక్స్ డిస్కుకు పెట్టే పేరు) అని ఉంటే అలాగే దించేయవద్దు. ఎన్‌వీఎంఈ (కొత్త తరహా వేగవంతమైన) డిస్క్ ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లో ఎస్‌డీఏ అంటే పెన్‌డ్రైవే కావచ్చు. పాత మిషన్‌లో అది మామూలుగా మీ సొంత హార్డ్ డిస్క్.

బొబ్బిలి మైక్‌సెట్:
పాత ఫ్లాపీ గారూ, పాడుతోంది! మీరు చెప్పిన 30 జీబీ పద్ధతే. ఇప్పుడు ఇంకో తిరకాసు. పాటల పేర్ల ముందు 01, 02 అని పెట్టాను. ల్యాప్‌టాప్‌లో వరస సరిగ్గానే ఉంది. ఆంప్లిఫయర్ మాత్రం సుప్రభాతం ఉండాల్సిన చోట డప్పు పాట ఎత్తుకుంటోంది. తెల్లవారుజామున గుడి దగ్గర అది మోగితే నా సంగతి ఆలోచించండి.

హాస్టల్ పెంగ్విన్ (విజయనగరం):
ల్యాప్‌టాప్ పేర్లను సర్ది చూపిస్తుంది అన్నా. చవక ప్లేయర్ బోర్డులు చాలావరకు సర్దవు, డ్రైవ్‌లోని ఫైళ్ల జాబితాలో ఏది ముందు నమోదైతే అదే ముందు పాడతాయి. మళ్లీ క్విక్ ఫార్మాట్ చేసి, పాటలను మీకు కావలసిన వరసలో ఒక్కొక్కటిగా కాపీ చేయండి. అన్నీ ఒకేసారి పట్టి లాగితే వరస తప్పవచ్చు. లినక్స్‌లో ఫ్యాట్‌సార్ట్ అనే చిన్న ప్రోగ్రాం ఉంది, డ్రైవ్‌ను అన్‌మౌంట్ చేసి దాన్ని నడిపితే ఆ జాబితానే పేర్ల వరసలోకి మార్చేస్తుంది. విజయనగరం వైపు వచ్చే పని ఉంటే పెన్‌డ్రైవ్ తీసుకురండి, నా ల్యాప్‌టాప్‌లో చేసిస్తాను.