బంతిని ‘ఎగరెయ్యాలా’, ఇంకేమైనా చెయ్యాలా? సర్వీస్ నేర్పడానికి ఒక తెలుగు మాట కావాలి

అనంతపురం నుంచి ఒక తెలుగు టీచర్ని. ఈసారి నా సందేహం పద్యం గురించి కాదు, వాలీబాల్ గురించి. నవ్వకండి, తిరిగి మాట దగ్గరికే వస్తాను.

మా బడి ఆడపిల్లల జట్టు కోసం సర్వీస్ మెళకువలు ఒక కాగితం మీద తెలుగులో రాసిమ్మని మా పీఈటీ సార్ అడిగాడు. కింది సర్వీస్ అందరికీ వచ్చు. పైనుంచి కొట్టేదే నెట్‌కి తగులుతోంది, లేకపోతే లైను దాటి వేపచెట్టు కింద పడుతోంది. (మా మైదానంలో కింది సర్వీస్ ‘వేస్తారు’, పై సర్వీస్ ‘కొడతారు’. పిల్లలకి ఈ తేడా ఎవరూ నేర్పలేదు.) నేను శ్రద్ధగా రాశాను: “బంతిని ఎడమ చేత్తో పైకి ఎగరేసి, కుడి అరచేత్తో కొట్టాలి.” వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. మర్నాటి నుంచి సర్వీసులు ఇంకా పాడయ్యాయి.

ఎందుకో అక్కడ నిలబడి చూస్తే గానీ తెలియలేదు. ‘ఎగరెయ్’ అనగానే పిల్లలు రూపాయి బిళ్ళ ఎగరేసినట్టు మణికట్టు విదిలిస్తున్నారు. బంతి తల మీద ఇంకో నిలువెత్తు పోతోంది. వేళ్ళ మీదుగా జారడంతో గిరగిరా తిరుగుతోంది. ఒకసారి తల వెనక దిగుతుంది, ఒకసారి రెండడుగులు ముందు. దాన్ని వెతుక్కుంటూ కాళ్ళు చెదిరిపోతాయి. ఇక గురి ఎక్కడ కుదురుతుంది?

సార్ అడిగేది వేరు. నిలబడి కొట్టే ఫ్లోట్ సర్వీస్‌కి, అంటే బంతి తిరగకుండా గాల్లో ఊగుతూ పోయే సర్వీస్‌కి, అంత ఎత్తు అక్కర్లేదు. కుడిచెయ్యి పైకి చాపితే అందే చోటుకి జానెడు పైకి పోతే చాలు. అదీ కుడిభుజానికి ఎదురుగా, కొంచెం ముందు. బంతి తిరగకూడదు. కొట్టకుండా వదిలేస్తే ముందున్న ఎడమ పాదానికి పక్కగా, కుడిభుజం వరసలో నేల మీద పడాలి. దీన్ని ‘ఎగరేయడం’ అనవచ్చా? ‘ఎగ’ అంటేనే పైకి. ఎగువ, ఎగబాకడం, ఎగజిమ్మడం, అన్నిట్లోనూ ఆ ఊపు ఉంది. ‘ఎగవేత’ అని రాస్తే మా పిల్లలేదో బ్యాంకుకి బాకీ పడ్డట్టుంటుంది. టాస్ అనే ఉంచుదామంటే వాళ్ళకి మళ్ళీ రూపాయి బిళ్ళే గుర్తొస్తోంది. మీ వైపు ఏమంటారు?

కర్నూలు నుంచి: మా గ్రౌండ్‌లో “బాల్ లేపి కొట్టు” అంటాం అన్నా.

నేను: ‘లేపు’ ఎగరెయ్ కన్నా నయం. కానీ నెట్ దగ్గర స్మాష్ కొట్టేవాళ్ళకి బంతి అందించడాన్ని కూడా లేపడమే అంటారు కదా. ఒక మాట రెండు పనులకి వాడితే కొత్తగా నేర్చుకునే పిల్ల తికమక పడుతుంది.

రిటైరైన సంస్కృత పండితులొకరు: నాయనా, ‘ఉత్క్షేపణం’ ఉండగా వెతుకులాట ఎందుకు? వైశేషిక దర్శనం వాళ్ళు కర్మను, అంటే కదలికను, 5 రకాలుగా చెప్పారు: ఉత్క్షేపణం, అవక్షేపణం, ఆకుంచనం, ప్రసారణం, గమనం. పైకి విసరడం, కిందికి విసరడం, ముడవడం, చాపడం, కదలడం. నీ సర్వీస్‌లో అయిదూ ఉన్నాయి. బంతి లేచింది, మోచెయ్యి ముడిచింది, చెయ్యి చాపింది, అరచెయ్యి కిందికి వచ్చింది, బంతి పోయింది.

నేను: అద్భుతం గురువుగారూ. కానీ ఎండలో నిలబడ్డ తొమ్మిదో తరగతి పిల్లతో “అమ్మా, ఉత్క్షేపణం సరిగ్గా చెయ్యి” అనే ధైర్యం మా పీఈటీ సార్‌కి లేదట.

ఉరవకొండ నుంచి: మాట సంగతి తర్వాత, ముందు గాలి సంగతి చూడండి సార్. ఆషాఢంలో మా వైపు గాలి ఎట్లుంటాదో మీకు తెలుసు, ఊరికే పెట్టినారా ఇన్ని గాలిమరలు. ఆ గాలికి బంతి ఎగరేస్తే దిగేలోపు మూరెడు పక్కకి పోతాది. తక్కువ ఎత్తు పంపినోడే ఆడగలడు. ఇండోర్‌లో నేర్చుకున్న పిల్లోళ్ళు మా ఊరికి వచ్చి ఓడిపోయేది అందుకే.

రిఫరీగా పనిచేసిన ఒకరు: నిబంధనలో రెండు మాటలూ ఉన్నాయి. బంతిని ఎగరేసిన తర్వాత గానీ, చేతిలోంచి వదిలిన తర్వాత గానీ కొట్టాలి అని. అంటే పైకి పంపి తీరాలని లేదు, చెయ్యి విడిస్తే చాలు. ఇంకోటి, ఈ పనికి ఒక్కటే అవకాశం. బంతి సరిగా పోలేదని వదిలేసి మళ్ళీ ఎగరేస్తానంటే కుదరదు, పాయింట్ పోతుంది. విజిల్ అయ్యాక 8 సెకన్లు టైమ్ ఉంది. చాలామంది పిల్లలు విజిల్ వినగానే టెన్షన్‌తో రెండో సెకనులోనే కొట్టేస్తారు. బంతి నేలకు రెండుసార్లు కొట్టుకుని, ఊపిరి వదిలి, అప్పుడు మొదలుపెట్టమనండి.

నేను: ‘వదలడం’! ఇది నాకు తట్టలేదు. కానీ “బంతిని వదిలి కొట్టు” అంటే కింద పడేస్తారేమో.

హైదరాబాద్ నుంచి: ‘ఎత్తిపెట్టు’ ఎలా ఉంది? విసరడం లేదు, ఒక చోట పెట్టడం ఉంది. మీకు కావలసిందీ అదే కదా.

రాయచోటి నుంచి: అన్నా, మా దిక్కు ఎత్తిపెట్టడమంటే దాచిపెట్టడం. దుడ్లు ఎత్తిపెడతాం, పండక్కి చీర ఎత్తిపెడతాం. “బాల్ ఎత్తిపెట్టు” అంటే మా పాప పోయి బీరువాలో పెట్టి వస్తాది.

కడప నుంచి, ఒకప్పుడు కాలేజీ జట్టులో ఆడిన ఒకామె: పెట్టు తీసేసి ‘ఇయ్యి’ చేర్చండి సార్. ఎత్తియ్యి. చేన్లో గడ్డిమోపు కట్టినాక ఒక్కరే నెత్తికి ఎత్తుకోలేరు. పక్కనున్న మనిషిని “అక్కా, రోంత ఎత్తియ్యి” అంటాం. ఎత్తిచ్చే మనిషి మోపును విసరదు. ఎదుటామె తల ఎంత ఎత్తుంటే అంతకే తెచ్చి చెయ్యి వదులుతాది. ఎక్కువ ఎత్తితే మోపు అవతల పడతాది, తక్కువైతే ఆమె మెడ పట్టుకుంటాది. మా కోచ్ మాకు చెప్పింది ఇదే మాటతో: “ఎడమ చెయ్యి కుడిచేతికి బంతి ఎత్తియ్యాల.” విన్న రోజే మా చేతులు మారినాయి.

నేను: అక్కా, ఈ మాట కోసమే తిరుగుతున్నాను. ‘ఎగరెయ్’లో పని మణికట్టుది, వేళ్ళది. ‘ఎత్తు’లో పని భుజానిది. మోపు ఎత్తేటప్పుడు ఎవరూ మణికట్టు విదిలించరు, చెయ్యి మొత్తం లేస్తుంది. అలా లేచిన అరచేతి మీంచి బంతి తిరగకుండా విడివడుతుంది. పైగా ‘ఇయ్యి’లో పుచ్చుకునే చెయ్యి ఒకటుంది. ఎగరేసేవాళ్ళు ఆకాశానికి ఎగరేస్తారు, ఎత్తిచ్చేవాళ్ళు ఒకరికి ఎత్తిస్తారు.

కర్నూలు నుంచి: తిరిగితే ఏమైంది అన్నా? తిరిగే బంతి ఇంకా జోరుగా పోదా?

కడప ఆమె: జోరు వేరు తమ్ముడూ. మణికట్టు వంచి బంతి నెత్తిన కొడితే ముందుకు తిరుగుతా పోయి నెట్ దాటినాక కిందికి వాలుతాది. అది టాప్‌స్పిన్. ఫ్లోట్ బంతి తిరగకూడదు. తిరగకుంటే దాని చుట్టూ గాలి ఒక పద్ధతిగా పోదు, అందుకే ఊగుతా, అటూ ఇటూ తడబడతా పోతాది, ఎదుటోళ్ళు ఎత్తలేరు. అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగంతో బంతి నడిమిలో కొట్టి, చెయ్యి అక్కడే ఆపాల. ఊపుకుంటా పోకూడదు.

రిఫరీ: ఒక సవరణ. పరుగెత్తి ఎగిరి కొట్టే జంప్ సర్వీస్‌లో టాప్‌స్పిన్‌కి బంతి నిజంగానే ఎత్తుగా, ముందుకి ఎగరెయ్యాలి. అక్కడ మాస్టారి మొదటి వాక్యమే సరైంది. పాపం ఆ వాక్యాన్ని పూర్తిగా కొట్టెయ్యకండి.

నేను: దాన్ని ఎత్తిపెడతాను, రాయచోటి అర్థంలో.

కర్నూలు నుంచి: మేం చేసే ప్రాక్టీస్ ఒకటి చెప్తా. నేల మీద గోనెపట్టా మడిచి వేసి, దాని మీద పడేట్టు ఎత్తియ్యడం మాత్రమే. కొట్టేది లేదు. పదిలో ఎనిమిది పట్టా మీద పడ్డాకే కొట్టనిస్తాం. తర్వాత గోడ మీద 2.24 మీటర్ల ఎత్తున సుద్దతో గీత, ఆడవాళ్ళ నెట్ ఎత్తు అది. గీతకి కొంచెం పైన కొట్టాల. అది కుదిరినాక కోర్టులోకి వచ్చి, నెట్‌కి దగ్గరగా 3 మీటర్ల గీత నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క అడుగే వెనక్కి పోతా 9 మీటర్ల దాకా. ఒకేసారి వెనక నుంచి కొట్టమంటే పిల్లలు బలం కోసం చూస్తారు, గురి పోతాది. చివరికి ఆ గోనెపట్టాలే గురి కోసం అవతలి కోర్టు మూలల్లో వేస్తాం.

రాయచోటి నుంచి: గురి అంటే గుర్తొచ్చింది. జొన్నచేన్లో మంచె మీద వడిసెల తిప్పేటప్పుడు మా జేజి “గురి పిట్ట మీద కాదురా, రాయి విడిసే చోట పెట్టు” అంటాండె. అప్పుడు అర్థం కాలే.

నేను: మీ జేజి మాట రేపు మా పిల్లలకి చెప్తాను. కాగితం ఇలా మార్చాను, తప్పులుంటే చెప్పండి: “ఎడమ చెయ్యి కుడిచేతికి బంతిని ఎత్తివ్వాలి. జానెడు ఎత్తు చాలు. బంతి తిరగకూడదు.” ‘ఎత్తియ్యాలి’ అని ఉంచాలా, ‘ఎత్తివ్వాలి’ అని దిద్దాలా అన్నది ఒక్కటే తేల్చుకోలేకపోతున్నాను.

కడప ఆమె: దిద్దొద్దు సార్. ‘ఎత్తివ్వాలి’ అంటే మళ్ళీ పుస్తకం మాటైపోతాది.

మా పీఈటీ సార్ (నేనే లాక్కొచ్చాను): కాగితం బాగుంది సార్. పిల్లలు చదవలేదు. వానకి తడుస్తాదని నేనే మడిచి జేబులో పెట్టుకుని, “మోపు ఎత్తిచ్చినట్టు” అని ఒక్క మాట చెప్పినా. ఈపొద్దు వేపచెట్టు కిందికి రెండు బంతులే పోయినాయి.