టోనీ జోస్యం: నామినేషన్లు లెక్కపెడితే విజేత ఎవరో తెలుస్తుందా?

మూడో గంట:
బ్రాడ్‌వే, అంటే న్యూయార్క్‌లోని పెద్ద థియేటర్ల నాటకాలకి ఇచ్చే టోనీ అవార్డుల నామినేషన్లు వచ్చిన ప్రతిసారీ ఇదే తంతు. ఏ మ్యూజికల్‌కి (పాటలతో నడిచే నాటకానికి) ఎక్కువ వచ్చాయో చూస్తారు, ఉత్తమ మ్యూజికల్ దానికే అని తేల్చేస్తారు. నాకు ఈ పద్ధతి అస్సలు నచ్చదు. నామినేషన్లు ఇచ్చేవాళ్లు వేరు, గెలిపించేవాళ్లు వేరు. నామినేట్ చేసేది ఒక చిన్న కమిటీ, ఆ సీజన్‌లో బ్రాడ్‌వేలో అర్హత ఉన్న ప్రతి షో చూసి తీరాల్సిన మనుషులు. గెలిపించేది ఎనిమిది వందల పైచిలుకు ఓటర్లు. అందులో నిర్మాతలు, థియేటర్ యజమానులు, నటులు, దర్శకులు, రచయితలు, డిజైనర్లు, బ్రాడ్‌వే షోలను అమెరికాలోని మిగతా ఊళ్లకు టూర్ మీద తెప్పించుకునే ప్రెజెంటర్లు అందరూ ఉంటారు. మొదటి గుంపు ఏమనుకుందో చూసి రెండో గుంపు ఏమనుకుంటుందో ఎలా చెప్తారు?

2023 చూడండి. సమ్ లైక్ ఇట్ హాట్‌కి 13 నామినేషన్లు, ఆ ఏడాది అందరికంటే ఎక్కువ. కింబర్లీ అకింబోకి 8. చివరికి ఉత్తమ మ్యూజికల్ కింబర్లీ అకింబో. ఎనిమిదిలో ఐదు కొట్టింది, పదమూడు వచ్చినదానికి నాలుగు దక్కాయి. ఆ ఐదూ ఏమిటో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది: మ్యూజికల్, బుక్ (కథ, సంభాషణల రచన), స్కోర్ (పాటలు, సంగీతం), ప్రధాన నటి, సహాయ నటి. సమ్ లైక్ ఇట్ హాట్‌కి వచ్చినవి ప్రధాన నటుడు, నృత్యం, దుస్తులు, ఆర్కెస్ట్రేషన్ (వాద్యాల కూర్పు). నామినేషన్ల సంఖ్య పెరిగేది షో పెద్దదైనప్పుడు. సెట్టు, లైట్లు, దుస్తులు, డాన్సు, సౌండు, ఇలా ప్రతి విభాగంలోనూ పేరు వస్తుంది కాబట్టి. అది భారీతనాన్ని కొలుస్తుందే తప్ప ఓటరు ప్రేమని కొలవదు.

గ్యాలరీ సీటు:
ఒక్క 2023ని పట్టుకుని మొత్తం లెక్కనే కొట్టిపారేస్తే ఎలాగండీ? 2001లో ది ప్రొడ్యూసర్స్‌కి 15 నామినేషన్లు, 12 అవార్డులు. 2016లో హామిల్టన్‌కి 16 నామినేషన్లు, 11 అవార్డులు. 2022లో ఎ స్ట్రేంజ్ లూప్‌కి అందరికంటే ఎక్కువగా 11, గెలిచింది అదే. 2025లో మేబీ హ్యాపీ ఎండింగ్, డెత్ బికమ్స్ హర్, బ్యూనా విస్టా సోషల్ క్లబ్ మూడూ పదేసి నామినేషన్లతో పైన నిలిచాయి, గెలిచింది ఆ మూడింట్లో ఒకటే. 2024లో హెల్స్ కిచెన్‌కి 13, గెలిచిన ది అవుట్‌సైడర్స్‌కి 12. ఒక్కటి తేడా. నామినేషన్లలో పైన ఉన్న రెండు మూడు పేర్లు దాటి బయటికి వెళ్తే నష్టపోయేది జోస్యం చెప్పేవాడే.

మూడో గంట:
పైన ఉన్న మూడింట్లో ఏదో ఒకటి గెలుస్తుంది అంటే అది జోస్యం ఎలా అవుతుంది గ్యాలరీ గారూ? ఐదు పేర్ల జాబితాలో మూడు పట్టుకుంటే సగానికి పైగా ముందే మీ చేతిలోకి వచ్చేసినట్టే.

మీరు చెప్పిన స్ట్రేంజ్ లూప్‌నే తీసుకోండి. 11 నామినేషన్లలో గెలిచినవి రెండే, ఉత్తమ మ్యూజికల్, బుక్. మైకేల్ జాక్సన్ మీద వచ్చిన ఎంజేకి పది నామినేషన్లు వస్తే నాలుగు గెలిచింది, ప్రధాన నటుడి అవార్డు కూడా దానికే పోయింది. మీ సంఖ్య నమ్మి బ్యాలెట్ అంతా స్ట్రేంజ్ లూప్ అని నింపినవాళ్లకి రెండు గడులే సరిపోయాయి. నాటకాల వైపు ఇంకా ఘోరం. కోవిడ్ వల్ల 2021 సెప్టెంబరుకి వాయిదా పడ్డ వేడుకలో స్లేవ్ ప్లేకి 12 నామినేషన్లు. ఒక నాటకానికి అప్పటికి అదే రికార్డు. గెలిచినవి సున్నా. సహాయ నటుల్లో ఇద్దరు, సహాయ నటీమణుల్లో ఇద్దరు నామినేట్ అయినా ఒక్కరికీ రాలేదు. ఉత్తమ నాటకం ది ఇన్‌హెరిటెన్స్‌కి వెళ్లింది.

తెర వెనుక:
మీ ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. ఓటర్లలో డబ్బు పెట్టేవాళ్లు, టూర్లు తెప్పించుకునేవాళ్లు ఉన్నారని మూడో గంట గారే రాశారు కదా. వాళ్ల ఓటు తమ ఊళ్లో టికెట్లు అమ్ముడుపోయే షోకే పడుతుంది. ఉత్తమ మ్యూజికల్ అన్న బోర్డు టూర్‌కి ఎంత పని చేస్తుందో వాళ్లకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఏ షో టూర్‌కి పనికొస్తుందో చూడండి, సగం జవాబు దొరికినట్టే.

మూడో గంట:
ఈ వాదన వినడానికి బాగుంటుంది, కానీ 2004 దగ్గర ఆగిపోతుంది. టూర్‌కి వికెడ్‌ని మించిన షో ఏముంది చెప్పండి? పది నామినేషన్లు, భారీ సెట్టు, జనం ఎగబడిన షో. గెలిచింది ఆరు నామినేషన్ల అవెన్యూ క్యూ, చేతిబొమ్మలతో ఆడే చిన్న మ్యూజికల్. మనసు చెప్పినట్టు ఓటెయ్యండి అని వాళ్లు నేరుగా ఓటర్లకే ప్రచారం చేసుకున్నారు. ఆ తర్వాత జరిగింది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. గెలిచాక టూర్‌కి పంపకుండా లాస్ వేగస్‌లో ఒక్కచోటే ఆడిస్తామని ప్రకటించారు, ప్రెజెంటర్లు మండిపడ్డారు. అంటే వాళ్లు ఆ షోకి ఓటేసింది టూర్ వస్తుందన్న ఆశతోనేనని మీరు అనొచ్చు. కానీ టూర్ ఒక్కటే లెక్క అయితే పక్కనే వికెడ్ ఉండగా దీన్ని ఎందుకు ఎంచుకుంటారు? గమనించండి, అవెన్యూ క్యూ గెలిచిన మూడు అవార్డులూ మ్యూజికల్, బుక్, స్కోర్. వికెడ్‌కి వచ్చినవి ప్రధాన నటి, సెట్టు, దుస్తులు. 2023లో జరిగిందే దాదాపు ఇక్కడా కనిపిస్తుంది. బుక్, స్కోర్ గెలిచేదే ఉత్తమ మ్యూజికల్, నా సూత్రం అదే.

కొత్త ప్రేక్షకురాలు:
నాది చిన్న సందేహం. టోనీలకి ముందు వచ్చే డ్రామా డెస్క్, అవుటర్ క్రిటిక్స్ సర్కిల్ అవార్డులు చూసి చెప్పకూడదా? సినిమా వాళ్లు ఆస్కార్‌కి ముందు వచ్చే గిల్డ్ (నటులు, దర్శకుల సంఘాల) అవార్డులు చూసి చెప్తారు కదా, ఇక్కడ కూడా అంతే అనుకున్నాను.

మూడో గంట:
మంచి ప్రశ్న అండీ. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. గిల్డులు పని చేసేది గిల్డు సభ్యులే ఆస్కార్ ఓటర్లలోనూ ఉంటారు కాబట్టి. డ్రామా డెస్క్ ఇచ్చేది నాటకాల మీద రాసే విలేకరులు, విమర్శకులు. టోనీ ఓటర్లలో అలాంటివాళ్లు చాలా కొద్దిమంది. అంతకంటే పెద్ద చిక్కు అర్హతది. టోనీ బ్రాడ్‌వేకి మాత్రమే, అంటే న్యూయార్క్‌లో 500 సీట్లు, ఆపైన ఉన్న ఆ నలభై ఒక్క థియేటర్లకే. డ్రామా డెస్క్ ఆఫ్-బ్రాడ్‌వేని, అంటే న్యూయార్క్‌లోని చిన్న థియేటర్లని కూడా ఒకే బరిలో దింపుతుంది. దాంతో ఒకే షో రెండు అవార్డుల్లో రెండు వేర్వేరు ఏళ్లలో పోటీ పడుతుంది.

కింబర్లీ అకింబో ఆఫ్-బ్రాడ్‌వేలో ఆడినందుకు 2022లోనే డ్రామా డెస్క్ గెలిచేసింది. 2023లో అది టోనీ బరిలోకి వచ్చేసరికి డ్రామా డెస్క్ సమ్ లైక్ ఇట్ హాట్‌కి వెళ్లింది. ఆ ఏడాది డ్రామా డెస్క్ చూసి పందెం కాసినవాళ్లు అసలు పోటీదారు లేని పరుగుపందెం ఫలితాన్ని నమ్మారన్నమాట. 2024లో డ్రామా డెస్క్ డెడ్ అవుట్‌లాకి వచ్చింది, అప్పటికి అది ఆఫ్-బ్రాడ్‌వేలోనే ఉంది. మరుసటి ఏడాది బ్రాడ్‌వేకి వచ్చి ఏడు టోనీ నామినేషన్లు తెచ్చుకుంది, ఒక్కటీ గెలవలేదు. పైగా 2023 నుంచి డ్రామా డెస్క్ నటన విభాగాల్లో ఆడ, మగ తేడా తీసేసింది. టోనీలు ఇంకా విడివిడిగానే ఇస్తున్నాయి. కాబట్టి నటనలో దాన్ని కొలతగా పెట్టుకోవడం ఇంకా కష్టమైంది.

గ్యాలరీ సీటు:
సరే, నటన సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నా. ఒకే షో నుంచి ఇద్దరు ముగ్గురు నామినేట్ అయితే ఓట్లు చీలిపోతాయి కదా? మీరు చెప్పిన స్లేవ్ ప్లేకి జరిగింది అదే. కాబట్టి ఒంటరిగా ఉన్న పేరు మీద పందెం కాయాలన్నది నా పద్ధతి.

తెర వెనుక:
ఇది మాత్రం నేను ఒప్పుకోను. 2016లో సహాయ నటుల విభాగంలో హామిల్టన్ నుంచి ముగ్గురున్నారు, డేవీడ్ డిగ్స్ గెలిచాడు. ప్రధాన నటుడిలో లెస్లీ ఓడమ్ జూనియర్, ఆ షో రాసిన లిన్-మాన్యుయెల్ మిరాండా ఇద్దరూ ఉంటే ఓడమ్ గెలిచాడు. 2024లో స్టీరియోఫోనిక్ అనే నాటకం నుంచి ముగ్గురు సహాయ నటులుంటే విల్ బ్రిల్‌కి వచ్చింది. ఓట్లు చీలితే ఇవేవీ జరగకూడదు.

మూడో గంట:
అదే స్టీరియోఫోనిక్ నుంచి సహాయ నటీమణుల్లో ఇద్దరుంటే ఇద్దరూ ఓడారు, వేరే నాటకంలో నటించిన కారా యంగ్ గెలిచింది. నా దృష్టిలో చీలిక కన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: ఆ ముగ్గురిలో షో చూసి బయటికొచ్చినవాళ్లు మాట్లాడుకునేది ఒక్కరి గురించేనా, ముగ్గురి గురించా? డిగ్స్ మొదటి అంకంలో లఫాయెట్‌గా, రెండో అంకంలో జెఫర్సన్‌గా కనిపిస్తాడు, విరామం తర్వాత మెట్లు దిగుతూ వచ్చే ఆ ఒక్క పాటతోనే హాలంతా అతనిదైపోతుంది. పక్కన ఎందరున్నా ఓటరు చేయి అటే పోతుంది. అలాంటి ఒక్కరు లేనప్పుడు చీలిక నిజంగానే దెబ్బతీస్తుంది.

కొత్త ప్రేక్షకురాలు:
మరి స్టార్ల మాటేమిటి? సినిమా వాళ్లు వస్తే నామినేషన్ ఖాయం అనుకోవచ్చా?

గ్యాలరీ సీటు:
ఆ భ్రమ 2025లోనే తీరిపోయిందండీ. డెంజెల్ వాషింగ్టన్, జేక్ జిలెన్‌హాల్ ఉన్న ఒథెల్లోకి టికెట్ ధరలు ఆకాశాన్నంటాయి, నామినేషన్ ఒక్కటి కూడా రాలేదు. అదే ఏడాది జార్జ్ క్లూనీకి వచ్చింది, కానీ గెలిచింది ఓ, మేరీ! రాసి నటించిన కోల్ ఎస్కోలా. నామినేషన్ల వరకు కమిటీది కఠినమైన చూపే, ఈ విషయంలో మూడో గంట గారితో ఏకీభవిస్తాను.

కానీ బుక్, స్కోర్ సూత్రం దగ్గర నాకు అభ్యంతరం ఉంది. 2024లో బుక్, స్కోర్ రెండూ సఫ్స్ అనే మ్యూజికల్‌కి, దాన్ని రాసిన షైనా టాబ్‌కి వెళ్లాయి. గెలిచింది అవుట్‌సైడర్స్. దీనికేమంటారు? దర్శకత్వం అవార్డు అవుట్‌సైడర్స్‌కే వచ్చింది, మరి దర్శకత్వాన్నే చూడొచ్చు కదా?

మూడో గంట:
2024 నా సూత్రానికి ఎదురు నిలిచే ఏడాదే, దాన్ని దాచను. 2021లో అయితే సూత్రం పెట్టడానికే వీల్లేదు: ఉత్తమ మ్యూజికల్ గెలిచిన మూలాన్ రూజ్‌లో ఉన్నవన్నీ పాత పాటలు కాబట్టి స్కోర్‌కి అర్హత లేదు, ఆ విభాగంలో నామినేట్ అయినవన్నీ నాటకాలే.

కానీ దర్శకత్వాన్ని పట్టుకోవడంలో ఒక ఇబ్బంది ఉంది. అందులో పునఃప్రదర్శనలు, అంటే పాత షోలని మళ్లీ వేసినవి కూడా పోటీ పడతాయి. 2022లో కంపెనీ అనే షోకి, 2023లో పరేడ్ అనే షోకి పోయింది ఆ అవార్డు, రెండూ పునఃప్రదర్శనలే, ఉత్తమ మ్యూజికల్ బరిలో లేనివి. బుక్, స్కోర్ కొత్త రచనలకే కాబట్టి పోటీ ఎక్కువగా ఉత్తమ మ్యూజికల్ పోటీదారుల మధ్యే ఉంటుంది, నేను దాన్ని నమ్మడానికి కారణం అదే. 2015లో ఫన్ హోమ్, యాన్ అమెరికన్ ఇన్ పారిస్ రెండింటికీ పన్నెండేసి నామినేషన్లు, మీ లెక్క ప్రకారం సరిసమానం. బుక్, స్కోర్ రెండూ ఫన్ హోమ్‌కి వచ్చాయి, ఉత్తమ మ్యూజికల్ కూడా. 2025లో మేబీ హ్యాపీ ఎండింగ్ కూడా అంతే.

గ్యాలరీ సీటు:
అయితే వచ్చే నామినేషన్లు రాగానే ఇక్కడే రాద్దాం. మీరు బుక్, స్కోర్ గెలిచేది ఏదో ముందు రాయండి, నేను సంఖ్య చూసి ఒక్క పేరే రాస్తాను, మూడు కాదు.

తెర వెనుక:
నేను కూడా రాస్తాను. టూర్ తేదీలు ముందే ప్రకటించిన షో ఏదో చూసుకుని.