అప్‌డేట్: మామిడి చెట్టు నీడలో నేలను కప్పే మొక్కలు

కోనసీమలోని మా పెరట్లో మామిడి చెట్టు కింద గడ్డి కూడా మొలవడం లేదని, వానకు మట్టి కొట్టుకుపోయి వేర్లు బయటపడుతున్నాయని, అక్కడ ఏళ్ల తరబడి నిలిచే మొక్కలేవైనా ఉన్నాయా అని నిరుడు అడిగాను. ఓపికగా సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

కడియం నర్సరీల నుంచి మండూకపర్ణిగా పిలిచే సరస్వతి ఆకు, పిప్పలి తీగ, మోండో గడ్డి తెచ్చాను. చెట్టు వేర్లు తెగకుండా ఉండేందుకు నేలను తవ్వకుండా, వేర్ల మధ్య ఖాళీలలో మాత్రమే మాగిన పశువుల ఎరువు కలిపిన మట్టి పోసి, తొలకరి తరువాత నాటాను. సరస్వతి ఆకు కణుపు కణుపుకూ వేరు పట్టి, తేమ నిలిచే కాలువ వైపు దట్టంగా అల్లుకుంది. అయితే చెట్టు మొదలు దగ్గర, పెద్ద వేర్లు నీటిని లాగేసుకునే చోట, వేసవిలో తరచూ తడపకపోతే వాడిపోతోంది. పిప్పలి ఆ చోటనే మెరుగ్గా నిలిచింది, ఆకు కూడా అందంగా ఉంది. మోండో గడ్డి చాలా నెమ్మది, అందుకే దానిని బాట అంచుకే పరిమితం చేశాను.

పసుపు పూల వెడీలియాను కొందరు సూచించారు. అది త్వరగా కప్పుతుందన్నది నిజమే కానీ, ప్రపంచంలోని 100 అతి హానికర ఆక్రమణ జాతుల జాబితాలో ఉన్న మొక్కను పంట కాలువ గట్టు పక్కన నాటడం నాకు సమ్మతం కాలేదు.

రాలిన మామిడి ఆకులను మొక్కల మధ్యనే వదిలేస్తున్నాను. ఈ వర్షాకాలంలో పిప్పలి కొమ్మలను కత్తిరించి మిగిలిన ఖాళీలలో నాటుతాను.